తువాలు కింద చెయ్యి

సిద్దయ్య చేతికి మొదట వచ్చినవి పన్నెండు గొర్రెలు. వాటిలో ముసలిది లేదు, కుంటిది లేదు. ప్రతిదీ ఈతకు నిలిచేదే. పులివెందుల వైపు నుంచి బీరన్న వాటిని తోలుకొచ్చి, సిద్దయ్య పెద్దకూతురు సంజీవమ్మకు ఓలిగా ఇచ్చి పోయాడు. వాళ్ల కులంలో పెళ్లికి ముందు ఇచ్చుకోవలసింది మగపెళ్లివారు. దాన్నే ఓలి అంటారు. ఒకసారి ఓలి దొడ్లోకి వచ్చిందంటే పిల్ల వాళ్లదైనట్టే.

అది గంజి కేంద్రాలు ఎత్తేసి వానలు పడిన ఏడు. గుట్ట మీద గడ్డి మొలిచింది కానీ మేయడానికి సిద్దయ్యకు గొర్రె లేదు. సొంత మంద కరువులోనే పోయింది. ప్రొద్దుటూరు సంతలో గొర్రె పద్దెనిమిది రూపాయలు పలుకుతున్నది. అంత సొత్తు చేతి దాకా వచ్చినప్పుడు బీరన్నకు నలభై దాటాయన్నది, మొదటి భార్య పోయిందన్నది సిద్దయ్య లెక్కలోకి రాలేదు. సంజీవమ్మను అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రెండేళ్లు ఆమే ఆ గొర్రెలను మేపింది. తన ఓలిని తానే మేపింది.

ఇప్పుడు ఆ గొర్రెలను లెక్కబెట్టడానికే దొడ్డి ముందు పంచాయతీ కూర్చుంది. సంజీవమ్మను పూడ్చి నాలుగు రోజులైంది. ఎండ నడినెత్తికి వచ్చింది. పరిచిన నాపరాళ్లు కాలుతుంటే కులపెద్ద గొర్రెబొచ్చు కంబడి మడిచి కింద వేసుకున్నాడు. బీరన్న అతని పక్కన కూర్చున్నాడు. సిద్దయ్య ఎదురుగా, నేల మీద కూర్చున్నాడు. గొర్రెల వ్యాపారి జియావుల్లాను ధర కట్టడానికి ప్రొద్దుటూరు నుంచి పిలిపించారు. గోడ బయట, ఎవరూ పిలవని యల్లయ్య మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

యల్లయ్య ఒక రైతు మందకు జీతగాడు. ఏడాదికి అరవై రూపాయలు, ఒక కంబడి, రెండు పూటలా సంగటి. గుట్ట మీద రెండు మందలు కలిసే మేసేవి. కలిసి మేసిన గొర్రెలను సాయంత్రం విడదీయడం రోజురోజుకూ ఆలస్యమవుతూ వచ్చింది. పోయిన వేసవిలో యల్లయ్య నేరుగా సిద్దయ్య దగ్గరికే వచ్చి పిల్లను అడిగాడు. సిద్దయ్య కోప్పడలేదు. పన్నెండు గొర్రెలు తెస్తే బీరన్నవి బీరన్నకు తిప్పి పంపుతానని చెప్పాడు. అంటే రెండు వందల పదహారు రూపాయలు. యల్లయ్య జీతం మానుకుని ప్రొద్దుటూరు పోయి, వేరుశనగ నూనె మిల్లులో బస్తాలు మోయడానికి కుదిరాడు. రోజుకు రూపాయి పావలా. తిండికి పోగా మిగిలేదానితో ఆ మొత్తం చేరాలంటే ఒంట్లో బాగుండి, మిల్లు ఆగకుండా నడిస్తే ఏడాది పట్టేది.

ఈ సంగతి బీరన్న చెవిన పడింది. అతను వచ్చే శ్రావణంలో అనుకున్న పెళ్లిని వచ్చే వారానికి మార్పించాడు. సంజీవమ్మ తల్లితో ఒక ఏడాది ఆగమని చెప్పమంది. తల్లి, ఆమె పేరు పెద్దక్క, తండ్రికి చెప్పింది. తండ్రి కులపెద్దకు చెప్పాడు. కులపెద్ద బీరన్నకు చెప్పాడు. బీరన్న కుదరదన్నాడు. ఆ మాట వచ్చిన దారినే వెనక్కి నడిచి సంజీవమ్మకు చేరింది. మరునాడు తెల్లవారే ఆమె కడవ తీసుకుని మోటబావికి పోయింది. కడవ గట్టు మీదే ఉంది.

కరణం అనంతరామయ్య కడుపునొప్పి భరించలేక బావిలో పడిందని రాశాడు. వేరేగా రాస్తే శవాన్ని జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయి కోస్తారని భయపడి అందరూ దానికే వేలిముద్రలు వేశారు. ఆ కాగితం ప్రకారం తప్పు కడుపునొప్పిది.

పంచాయతీలో మాత్రం ఒక మనిషి కావలసి వచ్చింది. మొదట, కబురు విని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన యల్లయ్యను అనుకున్నారు. వెనక ఎవరూ లేనివాడు కనుక అది సులువుగా తెమిలింది. ఊరు విడిచిపోవాలన్నారు. అతను తల ఎత్తలేదు. తరువాత బీరన్న, కూతురిని కాపలా కాయని తండ్రిని అనాలన్నాడు. సిద్దయ్య కులపెద్ద వైపు తిరిగాడు.

"నేనేం చేసేది మామా. పిల్లను ఈలేనంటే మాట తప్పినోడివంటిరి. ఇస్తానంటే పిల్లే లేకపాయె."

"కట్టుబాటు నేను పెట్టినానా అప్పా? మా తాతల కాలంలోనే ఉండాది," అన్నాడు కులపెద్ద.

తాతలు ఎప్పుడో పోయారు. కట్టుబాటుకు నోరు లేదు. తప్పు పొద్దుటి నుంచి చేతులు మారుతూ, పట్టుకునేవాళ్లు లేక అక్కడే ఆగిపోయింది. దాన్ని అట్లాగే వదిలేసి పెద్దలు గొర్రెల సంగతికి వచ్చారు.

పెళ్లి కాకుండా పిల్ల చనిపోతే ఓలి వాపసు ఇవ్వాలి. పన్నెండింటిలో నాలుగు దొమ్మరోగంతో పోయాయి. మిగిలినవి ఎనిమిది, వాటి వెంట అయిదు పిల్లలు. అంతకుముందు ఈనిన పిల్లలను సిద్దయ్య తిండిగింజలకూ పెళ్లిబట్టలకూ అమ్మేశాడు. బీరన్న పెరుగుదలతో, అంటే అమ్మేసిన పిల్లలతో సహా అడుగుతున్నాడు. ఉన్నవి తోలుకుపోయినా, ఎంత తగ్గించి చెప్పినా పైన రెండు వందలకు తక్కువ కాదు. సిద్దయ్య దగ్గర రెండు రూపాయలు కూడా లేవు.

అప్పుడు బీరన్న కులపెద్ద చెవిలో ఏదో చెప్పాడు. కులపెద్ద ముఖం తేటపడింది.

"గొర్రెలు వాపసు వద్దంటాండాడు సిద్దయ్యా. చిన్నదాన్ని ఇచ్చేస్తే సరిపాయె. పైన ఇంకా ఇస్తానంటాండాడు. ఎన్ననేది తువాలు కింద తేల్చుకోండి. రెండిండ్లూ నిలబడతాయి."

చిన్నది ఓబుళమ్మ. పన్నెండేళ్లు. దొడ్లో గొర్రెపిల్లకు వేపాకు తినిపిస్తున్నది.

సంతలో బేరం నలుగురికీ వినబడకుండా, తువాలు కప్పి, చేతిలో చెయ్యి పెట్టి చేస్తారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని. జియావుల్లా ముప్పై ఏళ్లుగా అట్లాగే బతికినవాడు. అతను ఈ బేరానికి మొదటి పిలుపుకు లేవలేదు. కులపెద్ద రెండోసారి పిలిచాక, భుజం మీది తువాలు తీసి బీరన్న చేతి మీద కప్పాడు. లోపల అతని చేతికి రెండు వేళ్లు తగిలాయి, అంటే రెండు గొర్రెలు. తువాలు పట్టుకుని అతను సిద్దయ్య ఎదుటికి వచ్చాడు.

సిద్దయ్య దొడ్డి వైపు చూశాడు. పైన ఇచ్చేది రెండే అనుకున్నా, ఎనిమిదీ రెండూ పది. పది గొర్రెలుంటే రెండేళ్లలో మళ్లీ మంద అవుతుంది. చిన్నది పెద్దమనిషి కావడానికి ఎట్లాగూ ఇంకా టైముంది. ఆ లెక్క మనసులో పూర్తి కాకముందే అతని చెయ్యి లేచింది.

అది తువాలును అందుకోకముందే తలుపు చాటు నుంచి పెద్దక్క వచ్చింది. మొగుడి చేతిని పక్కకు తోసి, తన చెయ్యి తువాలు కింద పెట్టింది.

జియావుల్లా వెనక్కి జరగబోయాడు. "ఆడోళ్ల చెయ్యి ఈడికి రాకూడదు పెద్దక్కా."

"కన్నది నేను సాయబూ. దాని బేరంలోకి నా చెయ్యి గాక యా చెయ్యి వస్తాది? పట్టుకో."

అతను పట్టుకున్నాడు. అలవాటుగా వేళ్ల కోసం తడిమాడు. బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా తడిమాడు. ఎక్కడా వేలు దొరకలేదు. పేడ ఎత్తి, తిరగలి తిప్పి గట్టిపడిన పిడికిలి అది. అందులో ఏ వేలూ విడివడేది కాదు.

"ఎన్నంట సాయబూ?" అన్నాడు బీరన్న.

"వేళ్లు లేవప్పా. పిడికిలి."

కులపెద్ద నవ్వాడు. ఆడదానికి బేరం తెలియక అట్లా పెట్టిందన్నాడు. పెద్దక్క నవ్వలేదు.

"తెలిసే పెట్టినా మామా. పొద్దున్నుంచి తప్పెవరిదో తేల్చలేకపోతిరి. నీకేం కావాలమ్మా అని పెద్దదాన్ని నోరు తెరిచి అడిగినోడు ఆ గోడ బయట కూచోనుండాడే, వాడొక్కడే. వాన్ని ఊరు పొమ్మంటిరి. అడగనోళ్లమంతా ఈడ కూచోనుండాము. నేను గూడా." ఆమె బీరన్న వైపు తిరిగింది. "ఉండేటివి పిల్లల్తో సహా తోలుకపో అప్పా. తగ్గిన నాలుగూ నా అప్పు. కూలికి పోయి తీరుస్తా. చిన్నది ఆ అప్పులోకి రాదు."

కులానికి ఎదురు చెప్పిన ఇంటికి నిప్పూ నీళ్లూ బందు చేస్తామని కులపెద్ద నెమ్మదిగా గుర్తుచేశాడు.

"ఆ బావి నీళ్లు మేమెట్ల తాగేది మామా," అంది పెద్దక్క.

 జియావుల్లా తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బేరం కుదరలేదని మాత్రం నలుగురికీ వినబడేటట్టు చెప్పి, దళారీ డబ్బులు అడగకుండానే బస్సు కోసం నడిచాడు. బీరన్న అమ్మేసిన పిల్లల మాట మళ్లీ ఎత్తకుండా గొర్రెలను బయటికి తోలాడు. గోడ బయట యల్లయ్య లేచి, వాటికి దారి ఇచ్చి, చాలాసేపు దుమ్ము వైపే చూస్తూ నిలబడ్డాడు. సిద్దయ్య, భార్య పక్కకు తోసిన చెయ్యిని అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.  ఆమె వైపు చూడలేదు.

ఆ ఇంటి లెక్క అంతటితో ముగిసింది. వచ్చినవి పన్నెండు గొర్రెలు, ఉన్నది ఒక్కటీ లేదు. పైన నాలుగు గొర్రెల బాకీ, ఇవాళ్టి ధరకు డెబ్భై రెండు రూపాయలు. కులం పోయింది. పెద్దకూతురు పోయింది. తప్పు ఎవరి పేరా పడలేదు. మిగిలిందని చెప్పుకోవడానికి ఒక్కటే ఉంది. ఖాళీ దొడ్లో ఓబుళమ్మ రోజూ లాగానే పరక పట్టుకుని, పెంటికలు ఊడుస్తున్నది.