తవిటమ్మ మొక్కుకోడి

మనవాళ్ళు కాస్సేపు కళ్ళు మూస్తే కోడికునుకంటారు. ఊరికే తప్పులెన్నేవాణ్ణి కోడిగుడ్డుకి ఈకలు పీకేవాడంటారు. ధైర్యం మాటొస్తే మాత్రం పులీ సింహమూ కావాలి! పులిని వీళ్ళెవరు చూశారు గనక? నేను మా అత్త తవిటమ్మ పెంచిన నల్లపెట్టని చూశాను. నాకది చాలు.

అరవై ఎనిమిదిలో, గజపతినగరం పక్క మా పల్లెలో, నా రెండేళ్ళ కొడుక్కి జ్వరం తగిలి పదిరోజులు వదల్లేదు. మా అత్త ఆ పెట్ట కాలికి పసుపుగుడ్డ కట్టి, పిల్లడు లేచి తిరిగితే నీ పండగనాడు దీన్ని నీకిస్తానని మరిడమ్మ తల్లికి మొక్కేసింది. పిల్లడు లేచాడు. గుడ్డ కట్టాక ఆ కోడినే ఇవ్వాలి, మరోటిస్తే చెల్లదు.

ఈలోగా పెట్ట పన్నెండు గుడ్ల మీద పొదుగుకి కూర్చుంది. రోజుకొక్కసారి దిగి, నాలుగు గింజలు గబగబా తిని మళ్ళీ గంపలోకే. గుడ్లకోసం ముంగిస వస్తే మొహమ్మీద పొడిచి తరిమింది. దానికి దండం పెట్టాలనిపించేది నాకు. ఇంకో మూడ్రోజుల్లో పిల్లలవుతాయనగా పండగ వచ్చిపడింది.

"అత్తా, పైయేడు ఇద్దుం" అన్నాను.

"నోర్ముయ్యే! గుంటడికి మళ్ళీ జొరమొస్తే నువ్వు సూస్తావేటి?" అని కసిరి గంపలో చెయ్యి పెట్టింది. పెట్ట రక్తం వచ్చేలా పొడిచింది. మా అత్త చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గుడ్ల మీద పాతకోక కప్పి, పెట్టని చంకనెత్తుకుని తల్లి గుడికి నడిచింది. వెనకాలే నేను.

మా వైపు కోడిని కోసేముందు పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు దులుపుకుంటే తల్లి ఒప్పుకున్నట్టు. మూడుసార్లు చల్లినా దులుపుకోకపోతే తల్లికి వద్దన్నట్టు, మొక్కు తీరిపోయినట్టే. కోడిని మొక్కినవాళ్ళే పట్టుకోవాలి. పూజారి ఎల్లాజీ చల్లాడు. పెట్ట కదల్లేదు. రెండోసారి నిండా పోశాడు. ఊహూ. ఇదేం వింతని దగ్గరికెళ్ళి చూశాను. మా అత్త రెండు బొటనవేళ్ళూ దాని రెక్కల మీద బిగిసి ఉన్నాయి. మూడో చెంబూ పడింది.

"తల్లి వొద్దంతంది. తీసుకుపో తవిటమ్మా" అన్నాడు ఎల్లాజీ.

మనవడి ప్రాణం మీద అంత భయం పెట్టుకుని, ఆ తల్లి ఎదుటే ఆ పని చేసిన మనిషిని ఏమనాలి? దారిలో ఏడుపు ఆపుకోలేక "అత్తా" అన్నాను.

ఆమె తన కోకచెంగుతో పెట్టని తుడుస్తోంది.

"మాటాడకే. గుడ్లు సల్లారిపోతన్నాయి, బేగి నడు" అంది.