ఏమీ గుర్తుపెట్టుకోని మెమరీ

లైబ్రరీ ఆఫీసు కంప్యూటర్లకి కొత్త ర్యామ్ మెమరీ వేసింది అక్కడ కంప్యూటర్లు చూసుకునే ఐలి కోస్కీయే. తీసేసిన పాతవి పన్నెండు మిగిలాయి. సన్నటి పచ్చ పలకలు, ఒక్కదానికీ దెబ్బ లేదు. జనం వాడుకునే గదిలో రెండు ముసలి కంప్యూటర్లు ఒక్క పేజీ తెరవడానికే ఆపసోపాలు పడుతున్నాయి. వాటికి ఇవి సరిగ్గా సరిపోతాయని ఆమె చూసుకుంది కూడా.

పై అధికారి మర్రీ ప్రింగిల్ ఒప్పుకోలేదు. పాత మెమరీ ఏదైనా సరే నుగ్గు చేయించాలని నిబంధనట, అందులో జనం వివరాలు ఉండిపోతాయట. కరెంటు తీసేస్తే ఇందులో ఒక్క అక్షరం మిగలదని ఐలి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఆయన కాగితం మీద 'మెమరీ' అన్న మాట కింద వేలు పెట్టి చూపించాడు. నిబంధన రాసినవాడికి ఒక మాటకి అర్థం తెలియకపోతే ఊరు ఊరంతా అనుభవించాలి కాబోలు.

ఆ మధ్యాహ్నం రెజాన్ తిబో వచ్చాడు. కాగితం మిల్లు మూతపడ్డాక నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు, అదీ నాలుగింటిదాకానే. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఇక్కడేమో ఒక పేజీ నింపి నొక్కేసరికి అది తిరుగుతూనే ఉంటుంది, ఇంతలో సమయం మించిపోయిందని మళ్లీ మొదటికి తోసేస్తుంది. ముప్పై ఏళ్లు కాగితం తయారుచేసిన మనిషి, రెండు వేళ్లతో తన పేరు మూడోసారి కొట్టుకుంటున్నాడు.

"నాకే చేతకావట్లేదేమో, ఐలీ," అన్నాడు తల ఎత్తకుండా.

ఐలికి ఒళ్లు మండిపోయింది. తప్పు ఎవరిది, సిగ్గుపడేది ఎవరు? సొరుగులోంచి రెండు పలకలు తెచ్చి, కంప్యూటర్ ఆపి, స్క్రూలు విప్పి అతని ఎదుటే లోపల నొక్కేసింది. మర్రీ వచ్చి నిలబడి, ఇది పైవాళ్లదాకా వెళుతుందని, ఉద్యోగం సంగతి ఆలోచించుకోమని అన్నాడు.

"వెళ్లనివ్వండి. నా పేరే రాయండి, అచ్చుతప్పులు లేకుండా," అంది ఐలి.

నాలుగింటికి ఇరవై నిమిషాలు ఉందనగా దరఖాస్తు అందిందని తెర మీద వచ్చింది. రెజాన్ దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత లేచి, వెనకే నిలబడ్డ, అదే మిల్లులో పనిచేసిన బ్రిజిట్‌కి కుర్చీ ఇచ్చాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని తన దరఖాస్తు టైపు చేయడం మొదలుపెట్టింది.

"ఆయన పనైపోయిందిగా. ఇక ఆ పలకలు తీసెయ్యండి," అన్నాడు మర్రీ.

ఐలి స్క్రూడ్రైవర్ ఆయన చేతిలో పెట్టింది.

"మీరే తీయండి. ముందు ఆవిడని లేపండి."

బ్రిజిట్ వెనక్కి తిరిగి చూసింది. మర్రీ స్క్రూడ్రైవర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.