చివికిన గోనెలు

ముత్తమ్మ దబ్బనంలోకి సుతిలి దారం ఎక్కిస్తోంది. ఎక్కించే ముందు కొసను నాలుక మీద తడిపి, వేళ్ల మధ్య నలిపి సన్నం చేస్తుంది. మిర్యాలగూడలోని ఈ రైసుమిల్లు షెడ్డు కింద ఆమె చేయి పడని గోనె లేదంటే నమ్మాలి. పెళ్లయి వచ్చిన ఏడు మొదలుపెట్టిన పని. మొగుడు పోయాడు, బిడ్డ హుజూర్‌నగర్‌కు కాపురానికి పోయింది, ఆమె మాత్రం షెడ్డు గోడ వారనే ఉంది. బొటనవేలి గోరు కొమ్ములా గట్టిపడి పసుపుపచ్చగా మారింది.

ఇప్పుడు మిల్లుకు తెల్లని ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి. గుమాస్తా దామోదర్ నిన్ననే చెప్పాడు, యాసంగి వానకు తడిసిన గోనెల కుప్పను వడ్లు మోసేలా బాగుచేస్తేనే సేటు ఆమెను ఉంచుతాడని.

మొదటి గోనె పట్టుకోగానే ఆమెకు తెలిసిపోయింది. ఏం చేస్తుంది మరి, కుట్టింది.

మిల్లు ఊడ్చే పుష్పాబాయి చీపురు పక్కన పెట్టి కూర్చుంది. "మొహం గట్ల పెట్టినవేందక్కా? చినిగినయి కుట్టుడు నీకు కొత్తనా?"

"చినిగితే మంచిగుండు పిల్లా. ఇవి చివికినయి."

"రెండూ ఒకటే గదా."

"ఒకటెట్లయితది? మేకు తగిలి చినుగుతది, సుట్టూ పోగు గట్టిగనే ఉంటది. కుడితే ఆగుతది. చివుకుడంటే నాని చెడుడు. తడిసి, ఎండి, మల్ల తడిసి, లోపల్లోపలనే పోగు సచ్చిపోతది. పైకి మంచిగనే కనబడతది. ఆ మాట పుట్టిందే నీళ్లల్ల."

"అయితే మా ఇంటాయన లెక్క. ఫకీరా రోజూ కల్లుల నానుతడు."

ముత్తమ్మకూ నవ్వొచ్చింది.

సాయంత్రం దామోదర్ వచ్చి ఒక గోనెలో వడ్లు పోయించాడు. హమాలీ బీరన్న దాన్ని పసిపిల్లను ఎత్తినట్టు మెల్లగానే ఎత్తాడు. కుట్టు పక్కనే బట్ట విచ్చుకుంది. వడ్లు అతని కాళ్ల మీద జలజలా రాలాయి. కుట్టు మాత్రం ఊడకుండా వేలాడుతోంది.

"కుట్టు మంచిగనే ఉంది సారూ," అంది ముత్తమ్మ.

"ఉంది ముత్తమ్మా," అన్నాడు దామోదర్, ఆమె వైపు చూడకుండా. "నన్నేం జేయమంటవ్ చెప్పు."

ముత్తమ్మ కింద కూర్చుంది. రాలిన వడ్లు చేటలోకి ఎత్తింది. చేతులు దులుపుకొని రోజూ ఇంటికి పోయే నేరేడుచర్ల ఆటో ఎక్కింది. రేపు రమ్మని ఎవరూ అనలేదు, ఆమె అడగనూ లేదు.

గోడ వార, ఇన్నేళ్లూ ఆమె పరుచుకు కూర్చున్న గోనె నాలుగు మడతల మీద, నడుమ గుంట పడి అలాగే ఉంది. ఒక్క వాన చుక్క తగలని గోనె అది, ఒక్క పోగూ లేవలేదు.