భోజనాల వేళ దుమ్ము

"దులిపి ఆరెయ్యవే" అంటూ మా ఆయన చొక్కా విప్పి నా చేతిలో పడేస్తాడు. ఎనిమిది నెలలుగా రోజూ ఇదే. పెరట్లో దులిపితే బూడిదరంగు దుమ్ము లేచి నా ముక్కులోకే వస్తుంది. దగ్గితే అత్తగారు లోపల్నుంచి, "చొక్కా దులిపితేనే ఇంత ఆయాసమా తల్లీ!" అంటుంది.

పగలంతా నేనూ ఆ దుమ్ములోనే ఉంటానని ఆవిడకి తెలియదా? పాత ఫ్యాక్టరీలో మంటలు తట్టుకోవడానికని ఇనుప దూలాలకి ఎప్పుడో వేసిన ఆస్బెస్టాస్ పూతని ఇప్పుడు గీకి తీసేస్తున్నారు. పైన తడుపుతూ గీకే మగవాళ్ళకి మంచి మాస్కులు. రాలింది కింద ఎండిపోయాక ఊడ్చే మా నలుగురు ఆడవాళ్ళకి వట్టి చీపుళ్ళు. మేస్త్రీ మా ఆయనే. "ఊడ్చేదానికి మాస్కెందుకే, మూతికి గుడ్డ కట్టుకో" అన్నాడు అందరి ముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నీళ్ళు చల్లి ఊడుస్తామంటే, "బురదవుతుంది, టైము దండగ" అని కొట్టిపారేశాడు. ఈమధ్య దగ్గుతో మాట మధ్యలోనే తెగిపోతోంది నాకు. మాలో చిన్నదానికి మెట్లెక్కితే ఊపిరాడటం లేదు.

సోమవారం దుమ్ము కొలిచే మిషన్‌తో ఇంజినీరమ్మ వచ్చింది. ఎప్పట్లాగే పొద్దున్న గీకేటప్పుడు కొలిచి, "బాగానే ఉంది" అని సర్దుకోబోయింది. మా ఆయన పక్కనే ఉన్నాడు. అయినా వెళ్ళాను.

"అమ్మా, అది భోజనాల వేళ పెట్టండి. మేం ఊడ్చేది అప్పుడే."

"నీకెందుకే పెద్ద పెద్ద విషయాలు!" అన్నాడు మా ఆయన.

ఇంజినీరమ్మ మిషన్ మళ్ళీ దించింది. మగవాళ్ళు మాస్కులు తీసేసి క్యారియర్లు విప్పుకున్నారు. మేం చీపుళ్ళు పట్టాం. నాలుగు ఊడ్పులకే మిషన్ కీచుమంది. ముద్ద నోటిదాకా వచ్చినవాళ్ళు అలాగే ఆగిపోయారు. ఇంజినీరమ్మ మొహం పాలిపోయింది. ఆమె పని ఆపించి, అందరినీ బయటికి పంపేసింది. రేపట్నుంచి తడపకుండా ఊడ్చేది లేదంది. అందరికీ మాస్కులు, అక్కడే స్నానం, బట్టలు ఉతికేదీ అక్కడే.

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే, ముందుగా ఎవరు గమనించారిది? రిపోర్టులో రాయాలి" అంది ఇంజినీరమ్మ.

"మేమే మేడమ్" అన్నాడు మా ఆయన.

"మేం కాదు, నేను" అన్నాను. దగ్గు అడ్డం రాలేదు. వెనక ముగ్గురూ చీపుళ్ళు నేలకేసి కొట్టి నవ్వారు. ఈసారి నవ్వు మాది.

గురువారం సాయంత్రం నేను అక్కడే తలస్నానం చేసి, ఉతికిన బట్టల్లో ఇంటికొచ్చాను. వెనకే మా ఆయన, మొండిగా అదే దుమ్ము చొక్కాతో. గుమ్మం బయటే విప్పి, అలవాటుగా నావైపు చాచాడు.

నేను చెయ్యి చాచలేదు. నీళ్ళ బకెట్ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

"ముందు తడపండి. మాస్కు కావాలంటే నాది ఇస్తాను."