కుండ కుప్ప

ఆ పాలెంలో అడుగుపెట్టిన మొదటిరోజే నేను ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేశాను. అదీ నవ్వుతూ, ఉపన్యాసం ఇస్తూ.

1962 జనవరి నెల. వాకాడు దాటి ఇసుకలో మూడు మైళ్ళు నడిస్తే వచ్చే చేపలవాళ్ళ పాలెం అది. అప్పుడే ఫిషరీసు ఉద్యోగంలో చేరిన నన్ను, అక్కడ సహకార సంఘం పెట్టించి నైలాను వల వాడకం నేర్పమని పంపారు. సంఘానికి వచ్చే మొదటి వల ఏ రంగుదో ఎంచే పని కూడా నాదే. తెల్లది తీసుకున్నాను. కొత్త వస్తువు కొత్తగా కనపడాలి కదా అనుకున్నాను. ఇరవైనాలుగేళ్ళ వయసులో నాకు తెలియని విషయం లేదు.

పాలెం పెద్ద, పెద్దకాపు అని పిలిచే గంగులయ్య ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి వల పరిచాను.

"ఇది కుళ్ళదు. మీ నూలు వలల మాదిరిగా వారం వారం చెక్కనీళ్ళలో ఉడకబెట్టే పని లేదు," అన్నాను.

మగవాళ్ళు వలను చేతుల్లోకి తీసుకుని, లాగి చూసి, సంబరపడ్డారు. వెనకనుంచి ఒకామె లేచి నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. రెండు చేతులూ మోచేతుల దాకా గోధుమరంగులో ఉన్నాయి.

"అట్టయితే ఇంక నా కుప్ప సంగతేంది సారూ?" అంది.

గంగులయ్యే నాకు విడమరిచి చెప్పాడు. ఆమె పేరు నాగులమ్మ. మొగుడు సముద్రంలో పోయి పన్నెండేళ్ళయింది. అప్పటినుంచీ తుమ్మచెక్క దంచి, పెద్ద కుండలో ఉడికించి, పాలెంలోని వలలన్నిటికీ ఆ నీళ్ళు పట్టించేది ఆమే. చెక్కనీళ్ళు తాగిన నూలు వల ఉప్పునీటికి తొందరగా చివకదు. తెప్ప ఒడ్డుకు వచ్చాక చేపను ఇసుకలో కుప్పలు పోస్తారు. మనిషికొక కుప్ప, తెప్పకొకటి, వలకొకటి, చివర్న నాగులమ్మకొక చిన్న కుప్ప. దాన్ని కుండ కుప్ప అంటారు. ఆమె దాన్ని గంపకెత్తుకుని వాకాడు పోయి, తనకు నచ్చిన ధరకు అమ్ముకుని, తనకు నచ్చింది కొనుక్కుని వస్తుంది.

వింటుంటే నేను చేసిందేమిటో నాకు అర్థమైంది. కానీ తప్పు ఒప్పుకోవడం అప్పట్లో నాకు చేతకాదు. సంఘం పుస్తకంలో 'సహాయం పొందువారు' అని ఒక జాబితా ఉంది. అందులో ఆమె పేరు రాసేసి, "నీకేం భయం లేదక్కా, సంఘం నెలనెలా బియ్యం ఇస్తుంది," అన్నాను.

"నేను బియ్యం అడగలేదే," అంది ఆమె. "పన్నెండేళ్ళనుంచి ఎవురి గడపకాడా చెయ్యి చాచలేదు. నీ పుస్తకంలో నా పేరు కొట్టెయ్."

కొట్టెయ్యలేదు. ఆఫీసు పుస్తకంలో కొట్టివేతలంటే నాకు గిట్టదు. పోతూ పోతూ ఆమె, వల అంచుల్లో నేను కత్తిరించి పారేసిన దారప్పోగులు ఏరి కొంగున ముడేసుకుంది. ఆకుకూర కట్టలు కట్టుకోవడానికి కాబోలు అనుకున్నాను.

ఇక నా వల సంగతి. చలికాలం, నీళ్ళు అద్దంలా తేరుకుని ఉన్నాయి. అందులో తెల్లగా మెరిసిపోతూ నా వల. చేపలకు కళ్ళున్నాయన్న మాట నాకు తట్టలేదు. మొదటిరోజు అర గంప పడింది, రెండోరోజు అదీ లేదు. పక్క తెప్పవాళ్ళు మాత్రం పాత నూలు వలతో కానాగంత చేపలు గంపలకెత్తుతున్నారు. వారం తిరిగేసరికి పాలెంలో నాకు ఎదురుపడ్డవాళ్ళంతా మర్యాదగా పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఎనిమిదోరోజు పొద్దున చూస్తే, ఒడ్డున ఆరేసిన వల లేదు. నాగులమ్మ ఇంటి వెనక పొగ లేస్తోంది. నా పైప్రాణం పైనే పోయింది. ఇసుకలో పడుతూ లేస్తూ పరుగెత్తాను. పొయ్యి మీద పెద్ద కుండ, అందులోకి సగం దిగిన నా వల, కట్టెతో కలుపుతూ నాగులమ్మ. పక్కన గంగులయ్య తాపీగా చుట్ట కాలుస్తున్నాడు.

"ఆపు అక్కా. ఉడకబెడితే వల పాడైపోతుంది. ఎవరినడిగి తెచ్చావు?" అన్నాను. గొంతు కీచుమంది.

"కాపన్ననడిగి తెచ్చినాను. ఉడకబెట్టేదెవురు? కుండలో చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

ఆమె కొంగుముడి విప్పింది. నేను పారేసిన దారప్పోగులు. అందులో ఒకటి మెలికలు తిరిగి ముడుచుకుపోయి ఉంది.

"ఇది మరిగే నీళ్ళలో ఏసినాను. చూడు, ఎట్టా బిగుసుకొని పొయ్యిందో. వలంతా ఇట్టా అయితే కన్ను చిన్నదయిపోతాది, పిల్లచేప గూడా పడతాది. ఈ యేడు పిల్లల్ని ఏరుకోని తింటే పైయేటికి ఏముంటాది?"

రెండో పోగు చేతికిచ్చింది. పొడవు తగ్గలేదు. నిండు గోధుమరంగు.

"ఇది గోరెచ్చని నీళ్ళలో రెండు దినాలు నానింది. వల కుళ్ళదన్నావు, నిజమే. చెక్కనీళ్ళు పట్టేది కుళ్ళకుండా ఉండేదానికి ఒకటే అనుకున్నావా? చేపకు కనపడకుండా గూడా."

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. నేను చదివిన పుస్తకంలో వల మన్నిక గురించి రెండు పేజీలున్నాయి. చేప చూపు గురించి ఉందో లేదో, ఉంటే నేను చదవలేదు.

"ఈ మాట ఆరోజే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడిగితే గదా. బియ్యం ఇస్తానంటివి."

గంగులయ్యకు పొగ అడ్డంపడి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

రెండు రోజులు కుండలో నానాక, మూడోరోజు ఆ వల సముద్రంలోకి పోయింది. మధ్యాహ్నానికి తెప్ప నీళ్ళలో మునిగీ మునగకుండా తిరిగొచ్చింది. కానాగంతలు, మధ్యలో రెండు వంజరాలు. గంగులయ్య కుప్పలు పోశాడు. మనుషులవి, తెప్పది, వలది. కొత్త వలకు పాత లెక్క పనికొస్తుందో లేదోనని అందరూ అతని చేతులనే చూస్తున్నారు. అతను వంగి చివర్న ఇంకొక కుప్ప పోశాడు.

"కుండ కుప్ప," అన్నాడు.

ఎవరూ కాదనలేదు. నాగులమ్మ రోజూ వచ్చినట్టే వచ్చి గంపకెత్తుకుని వాకాడు దారి పట్టింది. నాకు మాత్రం పరీక్ష పాసైనప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

నెల తిరక్కుండానే సంఘానికి రెండో వల వచ్చింది. అదీ తెల్లదే. రంగు తను పట్టిస్తానని నాగులమ్మే అడిగి తెప్పించింది. ఆమె దాన్ని కుండలో ముంచుతుండగా నేను పుస్తకం పట్టుకుని వెళ్ళాను. ఆమె ఎదుటే 'సహాయం పొందువారు' జాబితాలో పేరు అడ్డంగా కొట్టేశాను. సభ్యుల పేజీ తీశాను. అక్కడున్నవన్నీ మగవాళ్ళ పేర్లే. వృత్తి గడిలో అందరికీ 'చేపల వేట' అని ఉంది.

"నీకేం రాయమంటావక్కా?"

"వల పని అని రాయి. అబద్ధం కాదు గదా."

రాశాను. పెద్దకాపు దానికింద తన వేలిముద్ర వేశాడు. ఆమె ముద్ర కోసం సిరాపెట్టె మూత తీసేలోగా, నాగులమ్మ కుండలోంచి చెయ్యి తీసి బొటనవేలు కాగితం మీద ఒత్తేసింది. గోధుమరంగులో గీతలన్నీ తేటగా పడ్డాయి.

పుస్తకంలోంచి ఆ కాగితం తీసి పై ఆఫీసుకు పంపాను. పదిహేను రోజులకు అది తిరిగొచ్చింది. నీలిసిరాతో ముద్ర వేయించి పంపవలసిందని దానిమీద రాసి ఉంది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి పైవాళ్ళకు ఎదురు సమాధానం రాశాను. సభ్యురాలి వేలి రంగు ఇదేనని రాసి, ఆ కాగితాన్నే తిరిగి పంపించాను.