రెండు నల్ల గీతలు

ఈగలను గుర్తుపట్టడమే ఆమె ఉద్యోగం. పశువైద్యులు పంపే ఫొటోలు చూసి, సీసాల్లో వచ్చే పురుగులను మైక్రోస్కోపు కింద పెట్టి, ఏది ఏ జాతో రాసి పంపుతుంది. ఆఫీసులో అందరూ ‘ఈగలమ్మ’ అంటారు. ఆ పేరుకు ఆమె ఏనాడూ ఉడుక్కోలేదు.

ఆ రోజు పదకొండు గంటలకు బావ ఫోన్ చేశాడు. ఊరి చివర అక్కా బావా మేకలు పెంచుతారు.

“మీ అక్క తలలో ఏదో పాకుతోందంటోంది. మొన్న చెవి వెనకాల కంచె తీగ గీరుకుంది కదా, ఆ పుండు వాసనొస్తోంది. ఇందాక ఓ తెల్ల పురుగు బయటికొచ్చింది.”

ఆమె చేతిలోని సీసా పక్కన పెట్టేసింది.

“నువ్వేగా పోయిన వారం ఫొటో చూసి మామూలు ఈగేనన్నావు?” అన్నాడు బావ.

అన్న మాట నిజమే. మేకపిల్ల బొడ్డు మీద వాలిన ఈగను అక్క ఫొటో తీసి పంపితే, అన్నం తింటూ ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని చూసింది. ‘చచ్చిన మాంసం తినే రకమే, భయపడకు’ అని జవాబిచ్చేసింది.

ఇప్పుడు ఆ ఫొటోను పెద్ద తెర మీద తెరిచింది. నీలం, ఆకుపచ్చ కలిసిన ఒళ్లు, వీపు మీద మూడు చారలు. ఇలాంటివి రెండు జాతులున్నాయి, అచ్చు కవలల్లాగే. ఒకదాని పిల్లలు చచ్చిన మాంసం తింటాయి. రెండోదాని పిల్లలు బతికున్న మాంసాన్ని తొలుచుకుంటూ లోపలికి పోతాయి. మామూలు రకానికి పొట్ట చివర తెల్లటి మచ్చలుంటాయి. ఫొటోలో రెక్కలు ఆ చివరను కప్పేశాయి. ఇంకో ఫొటో పంపమని ఆమె అడగనే లేదు. మామూలు రకానికి కంటి పక్కన నూగు కూడా లేత రంగులో ఉండాలి. పెద్దది చేసి చూసింది. నల్లగా ఉంది.

ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకుంది.

“బావా, అక్కను వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురా. ఆ పురుగును పారెయ్యకు, సీసాలో వేసి పట్రా.”

ఆసుపత్రిలో అక్క తల ఒక పక్కకు వాల్చి కూర్చుంది. “లోపల కొరుకుతున్నాయే. వినబడుతోంది కూడా.”

“ఏం కాదులే అక్కా” అనబోయి ఆగిపోయింది. పోయిన వారం చెప్పిన ధైర్యమూ అలాంటిదే.

డాక్టరు పుండు చూశాడు. “పురుగు పట్టడం మామూలేనమ్మా. కడిగి కట్టు కట్టేస్తాం.”

ఆమె సీసా పట్టుకుని అక్కడి ల్యాబుకు పరుగెత్తింది. పురుగుకు తోక వైపున ఊపిరి గొట్టాలు రెండు చర్మం లోంచి కనబడతాయి. మామూలు రకానికైతే అవి పాలిపోయి ఉంటాయి. దీనికి రెండు నల్ల గీతలు సగం ఒంటి దాకా సాగాయి. తన కళ్లు తప్పయితే బాగుండునని మూడుసార్లు చూసింది.

వెంటనే అక్క దగ్గరికి తిరిగొచ్చింది. “కడిగితే చాలదు డాక్టర్ గారూ. ఒక్కటి మిగిలినా తొలుచుకుంటూ...” అక్క వింటోందని గుర్తొచ్చి మాట మింగేసింది. డాక్టరు స్వయంగా వెళ్లి మైక్రోస్కోపులో చూసొచ్చాడు. మళ్లీ మామూలేనని అనలేదు.

ఆపరేషన్ రెండు గంటలు సాగింది. తలుపు బయట ఆమె బావతో, “తప్పు నాదే బావా” అంది.

“నాకెందుకు చెప్తావు? మీ అక్కకు చెప్పు.”

ఫొటో చూసి అక్కకు అలా జవాబిచ్చిన సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే ఎప్పటికీ తెలియదు. కానీ మందలో నలభై మేకలున్నాయి, చుట్టుపక్కల ఇంకెన్నో. ఆఫీసరుకు ఫోన్ చేసి అంతా చెప్పేసింది. “ఫొటో, పురుగూ రెండూ పంపించు. రిపోర్టు నువ్వే రాయి, నీ పొరపాటుతో సహా” అన్నాడాయన. సాయంత్రానికల్లా నాలుగు మేకపిల్లల బొడ్లలో అవే పురుగులు దొరికాయి.

అక్క పుండులోంచి ముప్పై నాలుగు పురుగులు తీసి ల్యాబుకు పంపారు. ఎముక దాకా పోయాయట. ఆ చెవికి వినికిడి సగం పోయింది.

మెలకువ రాగానే ఆమె అక్కకు అంతా చెప్పింది. అక్క గోడవైపు చూస్తూ వింది.

“అన్నీ తీసేశారా?”

“తీసేశారు.”

“నువ్వు చూశావా?”

“ఒక్కొక్కటే చూశాను.”

“మళ్లీ చూడు” అంది అక్క, కట్టు మీద చెయ్యి వేసుకుని. “వెళ్లి మళ్లీ చూసిరా.”

ఆమె లేచి ల్యాబువైపు నడిచింది.