నైరుతి తూము

హుజూరాబాద్‌లో సదానందం తాతలు కట్టిన భవంతి నడుమ పైకప్పు లేని వాకిలి ఉంది. అందులో పడ్డ వాన నైరుతి మూలనున్న తూములోంచి పెరట్లోకి పోయి నిమ్మచెట్లకు పారేది. నూట పదేళ్లు అలాగే పారింది.

ఈ వేసవిలో సదానందం ఇంటిని బాగుచేయించి పెళ్లి ఫొటోలకు కిరాయికివ్వాలనుకున్నాడు.

"పాతగ కనిపియ్యాలె గని పాతది ఉండొద్దు" అని తాపీపని చేసే సుతారి హనుమండ్లుకు చెప్పాడు.

ఆ ప్రకారం టేకు స్తంభాలకు టేకు రంగు వేయించాడు. పాత గోడల పగుళ్లు పూడ్పించి, కొత్తగా కట్టిన రెండు గదుల గోడలకు పెయింటర్‌తో పగుళ్లు గీయించాడు. నిమ్మచెట్లు కొట్టేసి, చుట్టలుగా అమ్మే గడ్డి తెచ్చి పరిపించాడు.

తర్వాత వాస్తు పంతులు వచ్చాడు. నైరుతిలో నీళ్లు పోతే యజమాని నిలువడన్నాడు.

"మరి మీ తాత తొంభై రెండేండ్లు బతికె గద, పటేలా" అన్నాడు హనుమండ్లు.

"అప్పుడు గీ పంతులు లేకుండె."

"గందుకే బతికిండు" అంది జమున.

జమున సదానందం చనిపోయిన తమ్ముడి భార్య. నైరుతి గది ఆమె వాటా. అందులోనే ఉంటూ బట్టలు కుడుతుంది. గది గోడకు అడుగున జానెడు ఎత్తు రాయి, ఆపైన మట్టి. వాకిట్లో నీళ్లు జానెడు దాటి నిలిస్తే మట్టి నానుతుంది.

"గోడ కూలితే నేనేడికి పోవాలె, బావా?"

"కూలదు. కూలితే కట్టిస్త. కొత్తదే పాతగ కట్టిస్త."

నైరుతి తూమును సిమెంట్‌తో మూయించి, ఈశాన్యంలో కొత్తది పెట్టించాడు. ఈశాన్యంలో వాకిలి నైరుతి కన్నా జానెడున్నర ఎత్తు.

"నీళ్లు గట్టెక్కుతయా, పటేలా?"

"వాస్తు ప్రకారం పోవాలె."

"నీళ్లు వాస్తు సదువుకోలే."

శ్రావణంలో ఫొటోలు మొదలుపెట్టడానికి ముహూర్తం పెట్టారు. ఆరోజు తెల్లవారినుంచి ముసురు. పదకొండింటికి మొదటి జంట ఫొటోగ్రాఫర్‌తో వచ్చేసరికి వాకిట్లో నీళ్లు జమున గోడ రాయి అంచున ఉన్నాయి. ముహూర్తానికి వచ్చిన చుట్టాల చెప్పులు తేలుతున్నాయి.

"మస్తున్నది సార్, నీళ్లల్ల స్తంభాలు కనిపిస్తున్నయి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"చూసిండ్రా? కోనేరు లెక్క" అన్నాడు సదానందం చుట్టాలతో.

అప్పుడే నీళ్లు రాయి దాటాయి; జమున గది గోడ అడుగున గిలాబు పూత ఊడి నీళ్లలో పడింది. వెనుక నుంచి మట్టి జారడం మొదలైంది.

"హనుమండ్లు తాతా, గడ్డపార ఏడున్నది?"

"పొద్దుగాల్నే నీ మిషన్ పక్కన వెట్టిన, బిడ్డా."

ఆమె చీర దోపుకుని, గడ్డపార తీసుకుని నీళ్లలోకి దిగింది.

"జమునా! ఇయ్యాల ముహూర్తం!"

"గోడకు సుత ఇయ్యాల్నే ముహూర్తం, బావా."

తొమ్మిది పోట్లకు తూము తెరుచుకుంది. మూసేటప్పుడు హనుమండ్లు సిమెంట్ తక్కువ, ఇసుక ఎక్కువ కలిపాడు. నీళ్లన్నీ పెరట్లోకి దూకాయి. పరిచి పదిరోజులైన గడ్డి ఇంకా వేరు పట్టలేదు. లేచి, ప్రహరీ దాకా పోయి, అక్కడ మళ్లీ చుట్టలుగా పడింది. గోడ నిలిచింది.

మర్నాడు సదానందం ఆ తూముకు రాగి రేకు బిగించి, పైన బోర్డు పెట్టించాడు: "మా పూర్వీకుల నీటి తెలివి." పంతులును అడగలేదు.

గడ్డపార కోసం హనుమండ్లు రెండుసార్లు వచ్చాడు. జమున ఇవ్వలేదు. అది ఆమె మిషన్ పక్కనే ఉంది.